తలుపు దగ్గరి రాయి

కుట్టు గది నుంచి,
వానలు మొదలైన వారం

చిన్నాకి,

వదిన ఆశీస్సులు.

నా చేతి రాత చూసి నీకు ఆశ్చర్యంగా ఉండి ఉంటుంది. మీ అన్నయ్య ఉన్నన్నాళ్లూ ఇంట్లో ఉత్తరాలన్నీ ఆయనే రాసేవారు. చివర్లో "వదిన అడిగిందని రాయండి" అని నేనొక ముక్క చేర్పించేదాన్ని, అంతే. ఆయన పోయి ఆరేళ్లయింది. ఇన్నాళ్లూ కలం పట్టుకోవాలనే అనిపించలేదు. ఫోను చేయొచ్చుగా అంటావేమో. చేశాను. మీ ఆఫీసు అమ్మాయి ఎంతో మర్యాదగా "సార్ మీటింగులో ఉన్నారండీ" అంది. చేసినప్పుడల్లా అదే మర్యాద. అందుకని ఇప్పుడు రాస్తున్నాను.

మొన్న పాప పేపరు పట్టుకుని "అమ్మా, బాబాయ్!" అంటూ పరుగెత్తుకొచ్చింది. సగం పేజీ నీ బొమ్మే. కొండ మీద నిలబడి, బోరులోంచి తీసిన గుండ్రటి రాతి కడ్డీ చేతిలో పట్టుకుని నవ్వుతున్నావు. కొంచెం ఒళ్లు చేశావు, నీకు నప్పింది. ఇన్నేళ్లు ఎంతమంది వెతికినా దొరకని రాగి నీకు దొరికిందని రాశారు. సంతోషించాను. అబద్ధం చెప్పను, నిజంగానే సంతోషించాను. మా ఇంట్లో ఉండి చదువుకున్నవాడివి. ఇంటర్వ్యూలకి వెళ్లేటప్పుడు నీ చొక్కాలు ఇస్త్రీ చేసింది ఈ చేతులే.

తర్వాత పాప లోపలి కబుర్లు గట్టిగా చదివింది. "దుప్పటి మీద మరక ఉన్న చోటే గాయం ఉంటుందనుకోకూడదు. రోగి కదిలితే మరక ఎక్కడికో పోతుంది. కొండ కూడా అంతే. పచ్చటి మరక కనబడిన చోట అందరూ తవ్వారు, నేను గాయం కోసం వెతికాను" అని నువ్వు అన్నావట.

నేను మిషను ఆపేశాను.

ఆ మాట మీ అన్నయ్యది చిన్నా. ఈ గదిలో, ఈ మిషను పక్కనే అన్నారు. ఆస్పత్రి నుంచి మాసికలకి వచ్చిన దుప్పట్లు నా ఒళ్లో ఉన్నాయి. "పచ్చ మరకలున్న చోటు వదిలేసి బోసిగా ఉన్న చోట బోరు వేయిస్తున్నారేంటండీ" అని నేనే అడిగాను. ఉతికినా పోని మరక ఉన్న దుప్పటి ఒకటి తీసి, దాన్ని అటూ ఇటూ జరిపి నాకు చూపించారు. పైన కురిసే వాన రాతిలో రాగిని కడిగేసి కిందకి దించుతుందనీ, కొంత పక్కకి జారి వాగు ఒడ్డున పచ్చగా తేలుతుందనీ, అసలుది మాత్రం ఇత్తడిలా మెరుస్తూ పాలిపోయిన తెల్లరాయి అడుగున ఉంటుందనీ చెప్పారు. నువ్వు గుమ్మంలో కూర్చుని బూట్లు పాలిష్ చేసుకుంటున్నావు. "అన్నయ్యా, దుప్పట్లతో జియాలజీ చెప్పేవాడివి నువ్వొక్కడివే" అని నవ్వావు.

నిన్ను తప్పు పట్టడానికి రాయడం లేదు. మాట ఎవరి నోట వచ్చినా మంచి మాటే. నేను అడిగేది ఒక్కటే. ఈసారి పేపరు వాళ్లు వచ్చినప్పుడు, ఈ కొండని ముందు నమ్మింది మా అన్నయ్య అని ఒక్క ముక్క చెప్పు. పాపకి వాళ్ల నాన్న అంటే ఊళ్లో వాళ్లు పెట్టిన పేరే గుర్తు. నువ్వు చెబితే పేపర్లో వేస్తారు, నేను చెబితే నా మిషను కూడా వినదు.

బయట గాలి ఎక్కువగా ఉంది. తలుపుకి రాయి ఆనించి, ఆ వెలుతుర్లో కూర్చుని రాస్తున్నాను. కరెంటు లేదు. అక్షరాలు వంకరపోతే ఏమనుకోకు.

మీ వదిన


కొండ క్యాంపు,
మబ్బుల మధ్య నుంచి

పూజ్యులు వదినగారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం చూసి నా కళ్లు చెమర్చాయంటే నమ్మండి. ఆ ఆఫీసు అమ్మాయికి గట్టిగా చీవాట్లు పెట్టాను. మీ ఫోను వస్తే నేను ఏ మీటింగులో ఉన్నా లేపాలని చెప్పాను.

పేపరు వాళ్ల సంగతి మీకు తెలీదు వదినా. నేను అన్నయ్య గురించి అరగంట చెప్పాను. వాళ్లకి కావలసిన మూడు ముక్కలు ఉంచుకుని మిగతాది కత్తిరించేశారు. ఆ దుప్పటి మాట కూడా అన్నయ్యదే అని చెప్పినట్టే గుర్తు. చెప్పలేదంటారా, ఈసారి చెప్తాను.

కానీ మనలో మన మాట, అన్నీ చెప్పాలంటే అన్నీ చెప్పాలి కదా. ఈ కొండ చరిత్ర చాలా పెద్దది. మన తాతల తాతల కాలంలోనే ఎవరో వాగు పక్కన గోతులు తవ్వి రాగి కరిగించారు. కరిగించాక పారేసిన నల్లటి చిట్టెం గుట్టలు ఇప్పటికీ ఉన్నాయి, మా వంటమనిషి వాటి మీద కూర్చునే కూరలు తరుగుతాడు. తర్వాత వచ్చిన కంపెనీ పచ్చ మరక వెంటపడి కొండలోకి సొరంగం తొలిచింది. నీళ్లు ఊరి మునిగిపోయింది. ఆ తర్వాత మా పాత కంపెనీ, అన్నయ్య, అన్నయ్య వెనక సంచి మోస్తూ నేను. వాగులో రాళ్లు ఏరుకుంటూ, ఏ రాయి ఎక్కడి నుంచి దొర్లి వచ్చిందో చూసుకుంటూ పైకి ఎక్కేవాళ్లం. అన్నయ్య కాళ్లకి జలగలు పట్టినా తెలిసేది కాదు.

మొదటి రెండు బోర్లలో ఏమీ రాలేదు. మూడోది అన్నయ్య ప్రాణం పెట్టి వేయించుకున్నది. అదీ చివరిదాకా తెల్లరాయే. బోరులోంచి వచ్చిన రాళ్లు వరసగా సర్దిన పెట్టెలు ఇప్పటికీ షెడ్డులో ఉన్నాయి, ఎవరైనా మూత తీసి చూసుకోవచ్చు. అన్నయ్యకి అప్పుడు నిమోనియా, ఆస్పత్రిలో ఉన్నాడు. ఆ కబురు ఫోనులో చెప్పాల్సి వచ్చింది నాకే. ఆ రోజు నా గొంతు ఎలా వణికిందో నాకే తెలుసు.

కొన్నేళ్లకి కంపెనీ కొండ లీజు వదిలేసింది. అప్పుడు నేను నలుగురిని కూడగట్టి తీసుకున్నాను. మూడో బోరు పక్కనే మరొకటి వేసి, అన్నయ్య ఆగిన చోటికి చాలా కిందకి దిగాం. తగిలింది. అదృష్టం అంటే అంతే వదినా. కొందరు గది ముందు దాకా వెళ్లి తలుపు తట్టకుండా తిరిగొస్తారు. అది వాళ్ల తప్పు కాదు.

పాప చదువు అయిపోయిందిగా. మా లాబొరేటరీలో ఖాళీ ఉంది. సర్టిఫికెట్లు పంపమనండి, మిగతాది నేను చూసుకుంటాను.

మీ చిన్నా

మరిచాను. తలుపుకి రాయి అన్నారు. ఏ రాయి?


కుట్టు గది నుంచి,
ముసురు పట్టిన రోజు

చిన్నాకి,

వదిన ఆశీస్సులు. అంత పని ఉండి ఇంత ఉత్తరం రాశావు, సంతోషం. నీ ఉత్తరం పాపకి చదివి వినిపించాను. తలుపు తట్టకుండా తిరిగొచ్చారన్న చోట మాత్రం దాటేశాను.

ఉద్యోగం మాట తర్వాత చూద్దాం. ముందు నువ్వు అడిగినదానికి జవాబు చెప్తాను.

నీకు తెలిసే ఉంటుంది, బోరు మిషను వాళ్లకి ఒక అలవాటు ఉండేదట. బోరు ఆపేసిన రోజు చివరగా పైకొచ్చిన రాతి ముక్కని పెట్టెలో పెట్టకుండా, ఆ బోరు ఎవరు వేయించారో వాళ్ల చేతికి ఇచ్చేవాళ్లట. పిల్ల పుడితే ముందు తండ్రి చేతికి ఇచ్చినట్టు అని మీ అన్నయ్య నవ్వుతూ చెప్పేవారు. మీ బోరు మేస్త్రి, అదే, ఎప్పుడూ చెవిలో పెన్సిలు పెట్టుకుని తిరిగే ఆయన, మూడో బోరు చివరి ముక్కని గోనెలో చుట్టి, తీగతో బిగించి, జీపు డ్రైవరు చేత ఇంటికి పంపాడు. నువ్వు ఫోను చేసిన మర్నాడే వచ్చింది. మీ అన్నయ్య ఆస్పత్రిలోనే ఉన్నారు. నేను మంచం కిందకి తోశాను.

ఆ ఫోను నాకు బాగా గుర్తు. వార్డు చివర గోడకి ఉండేది. ఆయన నిలబడలేకపోతే నేనే రిసీవరు చెవి దగ్గర పట్టుకున్నాను. నీ మాట నాకూ వినబడింది. "ఏం లేదన్నయ్యా. చివరిదాకా తెల్లరాయే." ఆయన "ఇంకొంచెం దిగండ్రా, ఇంకొంచెం" అన్నారు. "కంపెనీ ఒప్పుకోదన్నయ్యా" అన్నావు. నీ గొంతు వణికిందని రాశావు. నాకు మాత్రం తీరిగ్గానే వినబడింది. ఆస్పత్రి ఫోను కదా, సరిగ్గా వినబడి ఉండదు.

ఆయన ఇంటికొచ్చాక మేస్త్రి రాయి పంపాడని చెప్పాను. గోనె మీద చెయ్యి వేసి కాసేపు కూర్చున్నారు. "విప్పమంటారా" అన్నాను. "ఏముంటుందే, తెల్లరాయేగా. తలుపు ఊరికే కొట్టుకుంటోంది, దానికి పెట్టు" అన్నారు. ఇంకెప్పుడూ దాని మాట ఎత్తలేదు. గోనె పీచు రాలుతోందని నేను ఆస్పత్రి దుప్పటి ముక్కతో దానికొక గలీబు కుట్టాను. మాసినప్పుడల్లా దాని మీదే ఇంకోటి తొడిగాను. అలా పొర మీద పొర, ఇప్పుడది చిన్న తలగడలా ఉంటుంది.

ఆ తర్వాత ఆయన బతుకు నీకు సగమే తెలుసు. కంపెనీ తీసేశాక హార్డువేరు కొట్లో చేరారు. మేకులు తూచడం, రాగి తీగ కొలిచి ఇవ్వడం. వచ్చినవాళ్లు "రాగి రాజుగారూ, మా పెరట్లో ఏమన్నా ఉందేమో చూసి పెట్టండి" అనేవాళ్లు. ఆయన నవ్వేవారు. "మీ పెరట్లో మీ ఆవిడ పాతిపెట్టినవే ఉంటాయి" అనేవారు. అందరూ పగలబడి నవ్వేవాళ్లు. ఇంటికొచ్చి ఆ రాయిని కాలితో జరిపి, తలుపు వేసుకుని, గోడవైపు తిరిగి పడుకునేవారు.

నాకు తెలియక అడుగుతున్నాను. మీకు రాగి తగిలింది ఆయన ఆగిన చోటికి చాలా కింద అన్నావు. చాలా అంటే ఎంత? ఇంకో నాలుగు రోజులు దిగితే తగిలేదా? ఆయన బతికి ఉండగా ఆ లెక్కే వేసుకునేవారు. ఇప్పుడు నేనైనా తెలుసుకుందామని.

మీ వదిన


హెడ్డాఫీసు,
హడావుడిలో

వదినగారికి,

టైము లేదు, రెండు ముక్కలే.

ఆ రాయిని విప్పకండి. అంతలోతు నుంచి వచ్చిన రాళ్లు గాలి తగిలితే పాడైపోతాయి. శాస్త్రపరంగా దానికి విలువ ఉంది. మా దగ్గర చిన్న మ్యూజియం కడుతున్నాం, అందులో అద్దాల బీరువాలో పెడతాం, కింద అన్నయ్య పేరు. శుక్రవారం నా డ్రైవరు వస్తాడు. ఎలా ఉన్నది అలాగే, గలీబులతో సహా అతని చేతికి ఇవ్వండి. మీకు తలుపుకి మంచి ఇత్తడి గొళ్లెం చేయించి పంపుతాను.

కొత్త గెస్ట్‌హౌస్‌కి అన్నయ్య పేరు పెడదామని బోర్డులో ప్రతిపాదించాను. ఇంకా ఎవరికీ చెప్పకండి.

పాప సర్టిఫికెట్లు కూడా డ్రైవరుకే ఇచ్చేయండి.

చిన్నా


కుట్టు గది నుంచి,
శుక్రవారం సాయంత్రం

చిన్నాకి,

నీ డ్రైవరు వచ్చాడు. మంచివాడు. కాళ్లు కడుక్కుని గానీ లోపలికి రాలేదు. టీ ఇచ్చి, వాళ్లమ్మ కళ్ల ఆపరేషను సంగతి కనుక్కుని, వట్టి చేతులతో పంపాను. "సార్ కోప్పడతారమ్మా" అన్నాడు. "మీ వదిన ఇవ్వలేదని చెప్పు, నీ మీద కోప్పడడు" అన్నాను.

నీ ఉత్తరం వచ్చిన పొద్దున్నే ప్రార్థన అయ్యాక కత్తెర తీసుకుని తలుపు దగ్గర కూర్చున్నాను. విప్పొద్దని నువ్వు రాయకపోతే విప్పేదాన్ని కాదు. ఆ మాట దేవుడి ఎదురుగా చెప్తున్నాను. కొండ కింద ఎన్ని యుగాలో ఉన్న రాయి, నా గుమ్మంలో గాలికి పాడైపోతుందా చిన్నా? పాడవ్వాలనుకుంటే మనిషి పాడవుతాడు గానీ.

గలీబులు ఒక్కోటి కోశాను. అడుగున ఉన్నది నేను మొట్టమొదట కుట్టింది, కుట్లు పెద్దవిగా ఉన్నాయి. దాని కింద గోనె. తీగ తుప్పు పట్టి చేతిలో పొడయింది.

తెల్లరాయి ఉంది. లేదని అనను. కానీ దాని నిండా ఇత్తడి రంగు తీగలు, వేలెడు మందాన. ఎండలోకి తీసుకెళ్తే, తోమిన ఇత్తడి చెంబు లోపల చూసినట్టు ఉంది. పేపర్లో నీ చేతిలో ఉన్న కడ్డీ పక్కన పెట్టాను. పాప ఆ బొమ్మ కత్తిరించి వాళ్ల నాన్న ఫోటో పక్కనే గోడకి అంటించిందిలే. అదీ ఇదీ ఒకటే, కవల పిల్లల్లా ఉన్నాయి.

రాయి మీద ఎర్ర రంగుతో మేస్త్రి రాశాడు. ముద్ద అక్షరాలు, స్కూలు పిల్లల్లా. "మూడో బోరు. ఆఖరి ముక్క. సారుగారూ, దొరికింది."

దొరికింది అని రాశాడు చిన్నా.

నాకు మీ చదువు లేదు. కానీ ఇది అర్థం చేసుకోవడానికి చదువు అక్కర్లేదు. పెట్టెలో చివరిదాకా తెల్లరాయే ఉందని కంపెనీ వాళ్లు మూత తీసి చూశారు. నా దగ్గరున్న చివరి ముక్కేమో ఇలా ఉంది. మేస్త్రి పని రాళ్లు పైకి తీయడం వరకే. వాటిని వరసగా పెట్టెలో సర్ది, ఏది ఏ లోతుదో రాసేది నువ్వు. మీ అన్నయ్య జ్వరంతో పడి ఉంటే కొండ మీద పెద్దవాడివి నువ్వే. మెరుస్తున్న ముక్కలు తీసేసి, ఏ రెండో బోరువో తెల్ల ముక్కలు ఆ చివర సర్దావు. మేస్త్రికి ఇది ఉత్తుత్తి మెరుపు, ఇందులో లోహం లేదని చెప్పి ఉంటావు. పాపం అతను చదువుకున్నవాడి మాట నమ్మి మిషను కట్టుకుని వెళ్లిపోయి ఉంటాడు. ఈ ముక్క మాత్రం అప్పటికే జీపెక్కేసింది. అది నీకు తెలియదు.

కింద ఎక్కడో తగలడం కాదు. ఆయన ఉన్నప్పుడే తగిలింది. అది చూశాకే నువ్వు ఫోను చేశావు.

నేను రాసిందాంట్లో తప్పుంటే తప్పని రాయి. నీ అక్షరాలతో తప్పని రాస్తే నమ్ముతాను. ఇన్నేళ్లూ నువ్వు చెప్పినవన్నీ నమ్మానుగా, ఇదొక్కటి కష్టం కాదు.

వదిన


ఇంటి నుంచి,
తలుపులేసుకుని

వదినా,

మీరు మీరు అని రాయడం నావల్ల కావడం లేదు. నీ చేతి అన్నం తిన్నవాణ్ని, నువ్వనే రాస్తాను.

తప్పని రాయను. ఒప్పని కూడా రాయను. కాగితం మీద పెట్టినది పదిమంది చేతుల్లో తిరుగుతుంది.

ఒక్కటి అడుగుతాను. ఒకడున్నాడనుకో. వాడి అన్న ఎండలో వానలో తిరిగి కొండ గుట్టు పట్టాడు. దొరికినదంతా రేపు కంపెనీ చేతిలో పోసి, "మీ సొమ్ము మీకు అప్పజెప్పాను" అని చేతులు దులుపుకుని వచ్చే రకం ఆ అన్న. కంపెనీవాళ్లు ఒక శాలువా కప్పి, ఫోటో తీసుకుని పంపేస్తారు. ఆ ఒకడు అనుకున్నాడు, ఇప్పుడు నోరు మూసుకుని, లీజు వాళ్లు వదిలేశాక మనమే తీసుకుంటే అన్నా తమ్ముడూ ఇద్దరం దొరల్లా బతుకుతాం కదా అని. ఒకటి రెండేళ్లలో చెప్పేద్దామనుకున్నాడు. లీజు అంత తొందరగా ఖాళీ అవ్వలేదు. ఒక ఏడు చెప్పకపోతే రెండో ఏడు ఇంకా కష్టం వదినా. అన్న ముఖం చూసినప్పుడల్లా గొంతు దాకా వచ్చేది. ఈలోగా అన్న పోయాడు. ఆ ఒకడు తప్పు చేశాడా? చేశాడేమో. వాడికి నిద్ర పట్టిందనుకుంటున్నావా?

సరే. నువ్వు పదిమందికి చెప్తావు. చెప్పు. పేపరు వాళ్లు వస్తారు. రాయిని ఫోటో తీస్తారు. తర్వాత ఏం రాస్తారో ఆలోచించావా? రాగి రాజు గుమ్మంలో రాగి పెట్టుకుని, రోజూ కాలితో తన్నుకుంటూ, లేదు లేదని ఏడ్చి చచ్చాడని రాస్తారు. ఒక్కసారి ఆ గోనె విప్పి చూసుంటే అయిపోయేది కదా! కళ్ల ముందున్న రాయిని విప్పి చూడని జియాలజిస్టు ఎక్కడైనా ఉంటాడా? నా మీద కేసు వేస్తారేమో, లాయర్లున్నారు. అన్నయ్య మీద మాత్రం జోకులు వేస్తారు. వాటికి లాయర్లు లేరు.

నేను బెదిరించడం లేదు. ఉన్నమాట చెప్తున్నాను.

ఇంకొకటీ చెప్తున్నాను, మనసారా. గెస్ట్‌హౌస్ కాదు. గనికే అన్నయ్య పేరు పెడతాను. మంత్రి వస్తాడు, నువ్వే రిబ్బను కత్తిరించు. నువ్వు మొదట్లో అడిగింది ఇదే కదా, అన్నయ్య పేరు. అంతకన్నా పెద్దగా రాయిస్తాను, కొండ కింద రోడ్డు నుంచి కనబడేలా. రాయి నాకిచ్చెయ్యి.

చిన్నా


కుట్టు గది నుంచి,
వాన వెలిసిన పొద్దున

డైరెక్టరు గారికి,

మీ ఉత్తరం అందింది.

గెలిచారు. మీరు రాసింది నిజం. నేను చాలా రోజులు ఆలోచించాను, పొద్దున ప్రార్థనలో అడిగాను కూడా. ఏం చెయ్యమంటావని అడిగితే దేవుడు పలకలేదు. పలకనప్పుడు మనకి తెలిసిందే చెయ్యమని అర్థమని మా అమ్మ అనేది.

హార్డువేరు కొట్టు ముందు నిలబడి చూశాను. ఆయన తీగ కొలిచిన బల్ల అక్కడే ఉంది. కొత్త కుర్రాడెవరో కొలుస్తున్నాడు. ఆయనతో వేళాకోళాలాడినవాళ్లే బెంచీ మీద కూర్చుని ఉన్నారు. "రండమ్మా, రాగి రాజుగారి ఆవిడ వచ్చారు, కుర్చీ వెయ్యండ్రా" అన్నారు. వాళ్లు చెడ్డవాళ్లు కారు. ఆయన పోయినప్పుడు ఏడ్చారు కూడా. రాయి సంగతి చెబితే వాళ్లేమంటారో వాళ్ల ముఖాల్లోనే చూశాను. ముందు అయ్యో అంటారు. రెండు రోజులకి నవ్వుతారు. మూడో రోజు నుంచి ఆయన గురించి అదొక్కటే చెప్పుకుంటారు. పాప పెళ్లయి పిల్లలు పుట్టినా, మీ తాత గుమ్మంలో రాగి పెట్టుకుని అని వాళ్లకీ చెప్తారు. మేకులు కొని, ఏమీ చెప్పకుండా వచ్చేశాను.

విప్పి చూడని జియాలజిస్టు ఉంటాడా అని అడిగారు. ఉంటాడు. తమ్ముడు చూసి చెప్పాడు కాబట్టి మళ్లీ చూడక్కర్లేదు అనుకునేవాడు ఉంటాడు. ఆయన నమ్మింది ఆ రాయిని కాదు, మిమ్మల్ని. ఇది మీకొక్కరికే చెప్పగలను. వాళ్లకి చెబితే అర్థం కాదు, మీకు అర్థమైతే చాలు.

ఆ "ఒకడి" గురించి రాశారు. అతనికి నిద్ర పట్టిందా అని అడిగారు. ఈ ఇంట్లో నిద్రపట్టని మనిషి పక్కన నేను ఉన్నాను, అందుకని ఆ విషయంలో నాకు కొంచెం తెలుసు. దగ్గు వచ్చినప్పుడు పాప లేవకుండా తువ్వాలు నోట్లో కుక్కుకునేవారు. ఏమీ తోచనప్పుడు మీ మంచే తలుచుకునేవారు. "చిన్నాగాడు నాలాగా మొండివాడు కాదు, పైకొస్తాడు" అనేవారు. దొరల్లా బతకాలని ఆయన ఏనాడూ అడగలేదు. కొండ గురించి తను అన్నది నిజమా కాదా, అదొక్కటే తెలియాలనుకున్నారు. అది చెప్పడానికి లీజు ఖాళీ అవ్వక్కర్లేదు. పోయే ముందు చెవిలో చెప్పినా సరిపోయేది. మీరు చివరి వారం వచ్చి, మంచం పక్కన కూర్చుని, కమలాలు ఒలిచి పెట్టారు. తొనల మీద పీచు కూడా తీసి పెట్టారు. నేను చూసి ఎంత ప్రేమో అనుకున్నాను.

గనికి ఆయన పేరు వద్దు. మొదట్లో అడిగింది నేనే, ఇప్పుడు వద్దంటున్నదీ నేనే. మీ చేత్తో రాయించిన పేరు రోడ్డు మీద నుంచి కనబడితే నేను ఆ రోడ్డున వెళ్లలేను. పాప ఉద్యోగం కూడా వద్దు. కొండ చలి మన ఊపిరితిత్తులకి పడదమ్మా, మీ నాన్నకి పడలేదు అని చెప్పాను. నా మీద అలిగింది. బాబాయ్ పిలిచినా పంపించవేం, నీకు అసూయ అంది. అననిచ్చాను. గోడ మీద మీ బొమ్మ అలాగే ఉంది. తీసేస్తే ఎందుకని అడుగుతుంది.

మాకు అన్యాయం చేసినవాళ్ల కోసం రోజూ ప్రార్థిస్తాను. చిన్నప్పటి నుంచి అలవాటు. ఇప్పుడు మీ పేరు దగ్గరికి వచ్చేసరికి నాలుక తిరగడం లేదు. "ఆ కొండ మీద ఉన్నాయన" అంటున్నాను. అడ్రసు దేవుడికి తెలుసు కదా. క్షమించానని మాత్రం అనుకోకండి. ప్రార్థన వేరు, అది వేరు.

రాయి ఇవ్వను. ఆ గోనెలోనే చుట్టి, కొత్త తీగ కట్టి, పాత గలీబులన్నీ వరసగా తొడిగి, ఈసారి పరుపులకి వాడే దారంతో కుట్టేశాను. ఎప్పుడూ ఉండే చోటే, తలుపు దగ్గరే పెట్టాను. పాప దాన్ని కాలితో జరుపుతుంది. నేను చూస్తూ ఊరుకుంటాను.

ఒక సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. ఆయన్ని బయటికి తెచ్చిన రోజు తలుపు పూర్తిగా తెరుచుకోలేదు. మోసేవాళ్లు ఆగిపోయారు. "ఏంటిది అడ్డంగా" అని మీరే ముందుకొచ్చి, దాన్ని కాలితో పక్కకి తోశారు. బరువుగా ఉందని ఇంకోసారి తోశారు.

ఎప్పుడైనా ఇటు రావాలనిపిస్తే రండి. తలుపు తీసే ఉంటుంది. ఏది ఆపి ఉంచుతోందో మీకు తెలుసు.

ఇంక నేను రాయను. ఈ కాగితాలు చింపకండి, కాల్చకండి. మీ బీరువాలో ఎక్కడో ఒక చోట భద్రంగా పెట్టుకోండి. దాచడం మీకు చేతనవును.

ఎవరికీ చూపించకండి.

రాగి రాజు భార్య